జర్మనీ సీటు, తిరుమల గుండు

తిరుపతి,
నవంబరు 1981

జర్మనీ దొర, డాక్టర్ మునిరామయ్యకు పాత మిత్రుడు దేవరాజులు రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను.

నువ్వు మంచులో కోటు వేసుకుని నిలబడ్డ ఫోటో చేరింది. గురువుగారు దాన్ని డిపార్టుమెంటులో అందరికీ చూపించారు. నాకు మాత్రం రెండుసార్లు చూపించారు. ఇద్దరం ఒకే గురువు దగ్గర, అదే చెనక్కాయ ఆకుమచ్చ తెగులు మీద డాక్టరేటు చేశాం. ఒకే గొడుగు కింద చేల గట్ల మీద తిరిగాం. పోస్ట్‌డాక్టరల్ సీటు ఒక్కటే వస్తే అది నీకే ఎందుకు పోయిందో గురువుగారికే తెలియాలి. నేనిక్కడ డిగ్రీ పిల్లలకు మైక్రోస్కోపు కింద పెట్టే కాడలు సన్నగా కోయడం నేర్పుతున్నాను. వీడికి అసూయ అనుకుంటావేమో. అసూయే.

ఇట్లు, ఉన్నచోటే ఉన్న
దేవరాజులు

తా.క. ఫోటోలో నీ క్రాపు నిగనిగలాడుతోంది. సీటొస్తే కొండమీద గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నది నువ్వే కదా? అప్పుడు నేను పక్కనే ఉన్నాను.


ఫ్రైబుర్గ్, పశ్చిమ జర్మనీ,
డిసెంబరు 1981

మిత్రుడు దేవరాజులుకు వణుకుతూ మునిరామయ్య నమస్కారాలు.

నీ తా.క. చదివాక అన్నం సహించలేదు. అసలు అన్నమెక్కడిది, ఉడకేసిన ఉర్లగడ్డే. మొక్కు మరిచిపోలేదప్పా. పాస్‌పోర్టు ఫోటోలో ఉన్న జుట్టు తల మీద లేకపోతే విమానం ఎక్కనివ్వరని మద్రాసు ఏజెంటు భయపెట్టాడు. "తిరిగొచ్చినాక కొట్టించుకోప్పా, సామి యాడికీ పోడు" అన్నాడు.

నువ్వన్నాక అనుమానం పట్టుకుంది. వచ్చినప్పటి నుంచి గాజు పళ్ళేల్లో నేను పెంచే తెగులు బూజు చచ్చిపోతూనే ఉంది. మన చేలల్లో వద్దన్నా పెరిగేది ఇక్కడ బతిమాలినా పెరగడం లేదు. ప్రొఫెసర్ రోజూ వచ్చి ఖాళీ పళ్ళేలు లెక్కపెట్టి పోతాడు. నా భయమంతా అదే.

నీ సలహా కోసం ఎదురుచూస్తూ,
మునిరామయ్య

తా.క. నా బదులు నువ్వు గుండు కొట్టించుకుంటే చెల్లుతుందా? నీది ఒత్తు జుట్టు.


తిరుపతి,
జనవరి 1982

మొక్కు ఎగ్గొట్టిన మునిరామయ్యకు దేవరాజులు ఆశీస్సులు.

బదులు మనిషిని పంపడానికి ఇదేమైనా పరీక్షల డ్యూటీనా? మాటిచ్చిన తల నీది. వెంటనే బయల్దేరి రా. మధ్యలో సీటు ఖాళీగా ఉంటే మన గురువుగారి పరువు పోతుంది కాబట్టి, నాకు బొత్తిగా ఇష్టం లేకపోయినా నేనొచ్చి అందులో కూర్చుంటాను. పాస్‌పోర్టు సిద్ధంగా ఉంది.

మా ఆవిడ చంద్రకాంతమ్మ ఈ ఉత్తరం చదివి, "పాపం, ఆయప్ప ఆడ ఒంటరిగా ఉండాడు. నువ్వెందుకిట్ల బెదిరిస్తాండావు?" అంటోంది. ఆమెకు రీసెర్చి సంగతులు తెలియవు.

నీ మేలు కోరే
దేవరాజులు

తా.క. వచ్చేటప్పుడు ఆ కోటు మోసుకురావద్దు. అక్కడే వదిలెయ్. మన ఇద్దరి కొలతా ఒకటే.


ఫ్రైబుర్గ్,
ఫిబ్రవరి 1982

దేవరాజులుకు, నున్నని తలతో మునిరామయ్య నమస్కారాలు.

ఇప్పుడు సెలవు దొరకదు. అందుకని ఇక్కడి సెలూన్లోనే తూర్పుకు తిరిగి కూర్చుని, గోవిందా అనుకుని గుండు చేయించుకున్నాను. నాకేదో పెద్ద జబ్బనుకుని సెలూన్ వాడు డబ్బులు కూడా వద్దన్నాడు. ఆ జుట్టును పార్శిల్లో పంపుతున్నాను. పసుపుగుడ్డ దొరక్క ల్యాబు తువ్వాలుకే పసుపు పూశాను. కొండకు తీసుకెళ్ళి కల్యాణకట్టలో చేర్చు.

ఆ వారమే పళ్ళెం నిండా బూజు అల్లుకుంది! ప్రొఫెసర్‌కు మొక్కు సంగతి చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన ల్యాబు కోసం జుట్టిచ్చినవాడు ఇంతవరకూ లేడట.

జూలైతో నా గడువు అయిపోతుంది. తర్వాత మూడేళ్ళకు ఒక్కరినే తీసుకుంటారు. ఆ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం దయచేసి దరఖాస్తు పంపకు.

నీ
మునిరామయ్య

తా.క. మంచు పడుతోందని ఇప్పుడు కిటికీలోంచి చూడక్కర్లేదు. నెత్తికే తెలుస్తోంది.


తిరుపతి,
మార్చి 1982

మహా తెలివైన మునిరామయ్యకు, దేవరాజులు మండిపడుతూ రాయునది.

నీ పార్శిల్‌ను మద్రాసులో కస్టమ్స్ వాళ్ళు విప్పి నన్ను పిలిపించారు. "ఎవరిదయ్యా ఈ జుట్టు?" అంటే స్నేహితుడిదన్నాను. "మరి స్నేహితుడేడీ?" అన్నారు. ఎట్లాగో బయటపడి కొండెక్కాను. కల్యాణకట్టలో టికెట్టు తీసుకుని మూట ముందు పెడితే, కత్తి పట్టుకున్నాయన, "ఈడ తలమీదుండే జుట్టే తీస్తాము సామీ, మూటలోది కాదు. టికెట్టుకొక గుండు లెక్క చూపీల. కూసో" అన్నాడు. వెనక జనం, "కూసోప్పా, పొద్దు పోతాండాది" అని అరిచారు. కూర్చున్నాను. నీ మొక్కుకు నా జుట్టు పోయింది.

పైగా దరఖాస్తు పంపకు అంటావా? ఆ మూడేళ్ళూ నువ్వే ఏలాలని నీ ఎత్తు. నాకు అర్థం కాదనుకున్నావా? అసూయతో నా తల మండుతోంది, చందనం పూసినా చల్లారడం లేదు. ఆ గుండుతోనే ఫోటో తీయించి, గురువుగారి సంతకంతో నిన్ననే దరఖాస్తు పంపేశాను.

ఇక నీ పోటీదారు,
దేవరాజులు

తా.క. ఫోటోలో నెత్తి మీద ఉన్నవి చందనం మచ్చలు. ఆకుమచ్చ తెగులు కాదని మీ ప్రొఫెసర్‌కు చెప్పు.


ఫ్రైబుర్గ్,
ఏప్రిల్ 1982

దేవరాజులుకు, ఏం రాయాలో తోచని మునిరామయ్య నమస్కారాలు.

నీ దరఖాస్తు ముట్టింది. పంపకు అన్నాను కదప్పా.

నిజం చెబుతాను. ఇక్కడ పొద్దున లేస్తే నాకు నీ మీదే కుళ్ళు. నువ్వు ఎండలో తిరుగుతావు, కారం తింటావు, కోపమొస్తే తెలుగులో తిడతావు. అందుకే నేను ఇంటికి పోతాను, మూడేళ్ళ సీటు నా మిత్రుడికే ఇవ్వండి, పేరు తర్వాత చెబుతానని ప్రొఫెసర్‌కు రాసిచ్చాను. ఆయన సరేనన్నాడు. ఆర్డరు నీ చేతికి వచ్చేదాకా చెప్పకూడదని దాచాను.

ఇంతలో నీ దరఖాస్తు వచ్చింది. అదే తెగులు, అదే గురువు సంతకం, ఫోటోలో అదే గుండు. నేనే మనసు మార్చుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టానని ప్రొఫెసర్ అనుకున్నాడు. సంతోషం పట్టలేక నేను రాసిచ్చిన కాగితం చించేశాడు. పేరు చూడలేదా సార్ అని అడిగాను. మీ దేశంలో గుండు చేయించుకున్నాక పేరు మార్చుకుంటారని ఎక్కడో చదివాడట. పాత పేరే బాగుందని ఆర్డరు నా పేరుతోనే టైపు చేయించాడు. పై ఆఫీసులో ముద్ర కూడా పడిపోయింది. ఇక మార్చరట.

నువ్వు ఈ ఉత్తరం చదివి, నన్ను తిట్టుకుంటూ వీధిలోకి వెళ్ళి వేడివేడి మిరపకాయ బజ్జీలు తింటావు. దానికీ నాకు కుళ్ళే.

ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండబోయే
మునిరామయ్య

తా.క. నీ ఫోటో చాలా బాగుందని ప్రొఫెసర్ ల్యాబు గోడకు తగిలించాడు. కింద నా పేరుంది.