ఒక్కటీ తప్పని నాడి

ఆదోని,
14-9-1986

చిరంజీవి సౌభాగ్యవతి తులసికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. హుబ్లీలో నువ్వూ, అల్లుడుగారూ, చిన్నదీ క్షేమమని తలుస్తాను.

ముసురు పట్టిందని, చిన్నదానికి దగ్గు తగ్గలేదని రాశావు. వామాకు రసం పట్టించు. ఇక్కడ వాన లేదు. యార్డుకు ఇంకా పత్తి రాలేదు కనుక వీధిలో బండ్ల సందడీ లేదు. బడిలో ఎప్పటిలాగే లెక్కలు చెబుతున్నాను.

అమ్మ కళ్లజోడు ఇంకా బాగుచేయించలేదా, ఉత్తరం కింద తను రాసే రెండు వరుసలు ఈసారీ ఎందుకు లేవు అని అడిగావు. కళ్లజోడు విరగలేదు తల్లీ. అది నా అబద్ధం. పైన క్షేమమని రాసిందీ అలవాటు కొద్దీ రాసిందే.

ఆషాఢంలో కర్నూలు ఆసుపత్రిలో అమ్మ గుండెకు కరెంటు పెట్టి, తప్పిన లయ సరిచేసిన సంగతి నీకు తెలుసు. వచ్చేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "పంక్తిలో శానాసేపు కూర్చొని లేస్తే కాలు తిమ్మిరెక్కుతాది కదా సార్, ఆమె గుండె పై గదులు ఇప్పుడట్లా ఉండాయి. లయ కుదిరినా, అవి మునుపట్లా పిండుకునేదానికి నెల పట్టొచ్చు. అంతవరకు ఆడ రక్తం నిలిచి గడ్డ కట్టే భయముంది. నాడి బాగుందని, గడ్డ కట్టకుండా ఇచ్చిన ఈ మాత్రలు ఆపొద్దు."

ఆనాటి నుంచి పొద్దున మిల్లు కూత వినగానే గడియారం చూస్తూ అమ్మ నాడి లెక్కపెట్టేవాణ్ణి. డెబ్బై రెండు. ఒక్కటీ తప్పేది కాదు. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెప్పేవాణ్ణి, లెక్క సరిపోతే చాలనుకున్నాను.

లయ కుదిరితే మంత్రాలయంలో పదకొండు రోజులు సేవ చేస్తానని అమ్మ మొక్కుకుంది. కరెంటు పెట్టి మూడు వారాలు కాకముందే శ్రావణంలో వెళ్లాం. ప్రదక్షిణలు, తీర్థం, ఒంటిపూట ప్రసాదం, అంతే. మరొకటి నోట పెట్టదు.

"మాత్ర మింగాల్నా, వద్దా? మీరెట్ల చెప్తే అట్ల" అని అడిగింది. పక్కనున్న మఠం పురోహితులు వాదిరాజాచార్యులు, "మందుకు దోషం లేదమ్మా, మింగు" అన్నారు. నేనే నాడి పట్టి చూసి, "సరిగ్గా ఉంది, ఈ పదకొండు దినాలకేం కాదులే" అన్నాను. మాత్రల పొట్లం నా జేబులో పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజు ప్రదక్షిణ చేస్తూ చేస్తూ అమ్మ కూలిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు జీపులో ఎమ్మిగనూరుకు చేర్చాడు, అక్కణ్ణుంచి కర్నూలుకు తీసుకుపోయాం. పై గదిలో కట్టిన గడ్డ తలకెక్కిందన్నాడు డాక్టరు. మాత్రలు వేస్తున్నారా అని అడిగాడు. పొట్లం తీసి చూపించాను. ఆయన పొట్లంలో మాత్రలు లెక్కపెట్టి, తిరిగి నా చేతికే ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కన్నీళ్లు పెట్టుకుంటుంది. నీ ముఖం ఎలా చూడాలో తెలియక ఇన్నాళ్లు దాచాను. వచ్చి చూసిపో తల్లీ. నన్ను ఏమన్నా పడతాను.

ఇప్పటికీ మిల్లు కూత వినగానే అమ్మ ఎడమ చెయ్యి నావైపు చాపుతుంది. నేను చేసింది తెలిసీ చాపుతుంది. పట్టుకుని లెక్కపెడతాను. డెబ్బై రెండు. ఒక్కటీ తప్పడం లేదు.

ఇట్లు,
అమ్మ వరుసలకు కింద చోటు వదిలి,
నీ నాన్న
భీమసేనరావు