జలోన్‌ను బండి దించేశారు

అక్కా, నేను క్షేమం. ముందు అది నమ్మి, తర్వాత మిగతాది చదువు.

నిన్న పొద్దున రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తుంటే పోలీసులు మా రెండు బల్లల బండిని ఆపారు. బుగ్గలకు తనాఖా గంధం ఉన్నవాళ్లనే దిగమన్నారు. బర్మావాళ్లని పట్టుకోవడానికి వీళ్లకి అదే గుర్తు. పక్కనున్న థాయ్ ముసలమ్మ తువ్వాలు తడిపి నా మొహం తుడిచేసి, "నోరు మూసుకో పిల్లా, అడిగితే నా మనవరాలివి" అంది. ఎదురు బల్ల మీదున్న జలోన్‌ను దించేశారు. దాని పని అనుమతి కార్డు మా సూపర్‌వైజర్ సొరుగులోనే ఉంది. నేను వెళ్లి ఇమ్మంటే, "ఎవతే అది? ఇక్కడ ఎప్పుడూ పనిచెయ్యలేదే!" అన్నాడు వెధవ. రెండేళ్లు వాడి కళ్లెదుటే రొయ్యలు ఒలిచింది.

జలోన్ వాళ్లమ్మ దగ్గర ఇంట్లోవాళ్ల పేర్లుండే సర్కారు జాబితా కాగితం ఉంటుంది. ఈ ఉత్తరం అందిన రోజే నకలు పంపు. అది చూపించకపోతే సరిహద్దు దాటించేస్తారు. పాపకు దగ్గు తగ్గిందా? వంటింటి మీద రేకులు వేయించావా? చెల్లి ఎంత ఏడ్చినా ఇక్కడికి పంపకు.

వాళ్లమ్మకి ఏదీ దాచకు. "ఆ పిల్ల నీకు తెలుసా?" అని పోలీసు నన్ను అడిగాడని, తెలియదని తలూపానని కూడా చెప్పు.

మీరంతా చల్లగా ఉండాలి.

నీ చెల్లెలు,
మి సోన్