మడమ నొప్పి, మంచి సంబంధం

మణుగూరు,
ఆదివారం.

పూజ్యులు బిచ్యా అన్నయ్యకు తమ్ముడు బలరాం నమస్కారాలు. ఇక్కడ నా మడమ ఒక్కటి తప్ప మిగతా అందరం క్షేమం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. నువ్వు ఫోన్ ఎత్తితే స్పీకర్ పెడతావు, తండా అంతా వింటుంది. ఇది అందరూ వినే సంగతి కాదు.

కొంతకాలంగా పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు ఉంటోంది. కాస్త నడిస్తే సర్దుకుంటుంది. గనిలో బొగ్గు మోసే బెల్టు దగ్గర షిఫ్టంతా నిలబడి వచ్చానంటే మళ్ళీ మొదలు. దవాఖానాలో చూపించాను. మడమ నుంచి వేళ్ళ దాకా పాదం అడుగున ఒక పట్టీ లాంటిది ఉంటుందట, అది దెబ్బతిన్నదట. పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. ఆ పేరు వినగానే మీ మరదలు సువర్ణ ఏడుపు అందుకుంది. డాక్టర్ మాత్రం నవ్వి, "గిది పెద్ద రోగమేం కాదమ్మా, కానీ జల్దీ పోదు, ఓపిక పట్టాలె" అన్నాడు.

ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో తిరగొద్దట, మెత్తటి చెప్పులు వేసుకోవాలట. పొద్దున లేచే ముందే పాదానికి తువ్వాలు వేసి లాగాలి. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసాను పాదం కింద దొర్లించాలి. అన్నీ చేస్తున్నాను.

ఎవరికీ చెప్పకు. గనిలో తెలిస్తే ఏదో తేలిక పని అప్పగించి ఓ మూల కూర్చోబెడతారు. నాకు నా బెల్టు కావాలి, నా జట్టు కావాలి.

నీ తమ్ముడు,
బలరాం

తా.క.: కడిగిన బండల మీద నేను చెప్పులతో తిరుగుతుంటే, సువర్ణ తడిగుడ్డ పట్టుకుని నా వెనకాలే తిరుగుతోంది. నా మడమ తగ్గేలోపు ఆమె నడుము పట్టేసేలా ఉంది.

*

జూలూరుపాడు దగ్గర తండా,
శుక్రవారం.

చిరంజీవి బలరాంకు అన్న బిచ్యా దీవెనలు. నీ ఉత్తరం విని సంతోషంతో నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

ఇంత మంచి కబురును అంత ఏడుపు ముఖంతో రాస్తావేమిరా? ఆలోచించావా అసలు? ఈ మనిషి ఇక పని చేయలేడు, అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేల్చిందంటే నీ ఉద్యోగం నీ కొడుకు కోటేష్‌కు వస్తుంది. పిల్లవాడు మోటార్లు రివైండింగ్ చేసుకుంటూ ఎన్నాళ్ళని చేతులు నల్లగా చేసుకుంటాడు? పెళ్ళి వయసు కూడా దాటిపోతోంది.

ఇల్లందు దగ్గర దేవ్లా అని పెద్దమనిషి ఉన్నాడు. తను అన్‌ఫిట్ అయి కొడుక్కి ఉద్యోగం ఇప్పించిన ఘనుడు. ఇలాంటి వాటి విలువ తెలిసినవాడు. ఆయన కూతురు హేమలత డిగ్రీ చదివింది. నీ మడమ సంగతి అప్పుడే ఆయన చెవిన వేశాను.

కాబట్టి వైద్యం వెంటనే ఆపెయ్యి. చెప్పులు అవతల పారెయ్యి. కంకర కనబడితే దాని మీద నడువు.

నీ మేలు కోరే అన్న,
బిచ్యా

తా.క.: నీది ఏ కాలు? నేను ఎడమ అని చెప్పేశాను. ఒకవేళ కుడి అయితే మార్చుకో.

మరో తా.క.: కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. అందుకని నీ ఉత్తరాన్ని మన తండా కుర్రాడు దస్రు, టీ హోటల్లో కూర్చుని చదివి వినిపించాడు. 'ఎవరికీ చెప్పకు' అన్నచోట కాస్త గొంతు తగ్గించాడులే, భయపడకు.

*

మణుగూరు,
మంగళవారం.

అన్నయ్యకు నమస్కారాలు. ఈసారి కోపంగానే రాస్తున్నాను.

మడమ నొప్పికి ఎవరినీ అన్‌ఫిట్ చేయరు. డాక్టర్ని అడిగితే, "గట్లయితే సగం గని ఇంటికాడనే కూసుంటది" అన్నాడు. పైగా నాకు తగ్గుముఖం పట్టింది. పొద్దున మంచం దిగగానే పొడిచే పోటు సగానికి సగం తగ్గింది. పొద్దున్నే గోడ మీద చేతులు పెట్టి ఒక కాలు వెనక్కి చాపి నిలబడుతుంటే, పక్కింటి కళావతి సువర్ణను అడిగిందట: "ఏందక్కా, మీ గోడ పడిపోతుందా? అన్న రోజూ పట్టుకుంటుండు?"

ఇన్నేళ్ళు చెమటోడ్చిన చోట 'పనికిరాడు' అనే మాట రాయించుకోవడానికి నేను కుంటను. ఆ దేవ్లా గారికి నిజం చెప్పెయ్యి.

బలరాం

తా.క.: నాది కుడి కాలు. మార్చుకోను.

*

తండా,
ఆదివారం.

మొండివాడైన తమ్ముడికి అన్న దీవెనలు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను, కూర్చుని చదువు. దేవ్లా చేలో మోటారు ఉంది. ఈ ఏడు అది కాలిపోయిందని మాటిమాటికీ మణుగూరు నుంచి మన కోటేష్‌ను పిలుస్తున్నారు. మధ్యలో అంతమంది మెకానిక్‌లు ఉండగా అంత దూరం నుంచి వీడే ఎందుకని నాకు అనుమానం వచ్చి, మోటార్ల పని కాస్త తెలిసిన దస్రును పంపాను. వాడు విప్పి చూసి, "పెదనాయనా, గా మోటరు కొత్త పెండ్లికూతురు లెక్కున్నది, దానికేం రోగం లేదు" అన్నాడు. కంప్లైంటు ఫోను చేసేది హేమలత. వెంటనే బండి తీసేది నీ కొడుకు. మిగతాది నువ్వే అర్థం చేసుకో.

వచ్చే ఆదివారం దేవ్లా కుటుంబంతో మీ ఇంటికి వస్తున్నాడు. ఉద్యోగం వచ్చే పిల్లవాడని నేను మాట ఇచ్చాను. నువ్వు తిన్నగా నడిచావంటే నా మాట పోతుంది, అది పోతే పోనీ, వాడి పెళ్ళి పోతుంది. నీ కొడుకు ముఖం చూసి ఒక్క పూట కుంటరా.

అన్న,
బిచ్యా

తా.క.: నువ్వు ఎలా కుంటుతావో దేవ్లాకు నడిచి చూపించాను. పాపం ఆయన జాలిపడి నన్ను బండి మీద ఇంటి దాకా దించి వెళ్ళాడు.

*

మణుగూరు,
గురువారం.

అన్నయ్యకు నమస్కారాలు.

కోటేష్‌ను పిలిచి, "దేవ్లా మోటరు ఎట్లుందిరా?" అని అడిగాను. వాడు తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంకేం అడుగుతాను?

సరే, కుంటుతాను. సిగ్గుగానే ఉంది, అయినా కుంటుతాను. నొప్పి నిజంగా ఉన్నప్పుడు ఎవరికీ తెలియకుండా దాచాను. ఇప్పుడు అది పోతున్న సమయానికి ఊరందరికీ చూపించాల్సి వచ్చింది.

బలరాం

తా.క.: బీరువా అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నాను. సువర్ణ చూసి, "నొప్పున్నోని లెక్క లేదు, బరాత్ ముంగట ఎగిరినట్టుంది" అంది.

*

తండా,
శుక్రవారం.

తమ్ముడికి దీవెనలు. టైము లేదు, ముక్తసరిగా రాస్తున్నాను. మణుగూరు బస్సు ఎక్కే దస్రు చేతికి ఇస్తున్నాను. కుర్చీలో కూర్చుండిపోకు, కూర్చుంటే కుంటు కనబడదు. నీళ్ళు నువ్వే తెచ్చివ్వు. మధ్యలో ఒకసారి గోడ పట్టుకో. అబ్బా అను, కానీ మరీ గట్టిగా అనకు.

అన్న,
బిచ్యా

తా.క.: ఎడమ కాలు! ఎడమ!

*

మణుగూరు,
ఆదివారం రాత్రి.

అన్నయ్యకు బలరాం నమస్కారాలు. ముందుగా ఒక గ్లాసు నీళ్ళు తాగు, ఆ తర్వాత చదువు.

వాళ్ళు వచ్చారు. దేవ్లా, ఆయన భార్య, హేమలత. నువ్వు చెప్పినట్టే నేనే నీళ్ళు తెచ్చాను. వచ్చేటప్పుడు ఎడమ కాలు కుంటాను, ఖాళీ ట్రే పట్టుకుని పోయేటప్పుడు అలవాటు కొద్దీ కుడి కాలు కుంటాను. దేవ్లా చూశాడు. "ఏ కాలు నొస్తున్నది?" అన్నాడు. సువర్ణ "కుడి" అంది. అదే క్షణంలో కోటేష్ "ఎడమ" అన్నాడు. నేను గోడ పట్టుకుని "అబ్బా" అన్నాను.

దేవ్లా గ్లాసు కింద పెట్టేశాడు. దొరికిపోయామనుకున్నాను. కానీ ఆయన కుంటు నిజమేననుకున్నాడు, అదే వచ్చిన చిక్కు. "రెండు కాళ్ళు పోయినయా? చూడు బలరాం, నేను గిట్లనే ఇంట్ల కూసున్న. నా కొడుకు నా నౌకరీ చేస్తుండు. డ్యూటీ బస్సు యాళ్లకు నాకు ఇప్పటికీ మెలకువ అయితది. లేచి అంగీ తొడుక్కుంట. తొడుక్కున్నంక యాడికి పోవాలె? మోటర్ల పని చేసుకొని బతికే పిలగాడని మా బిడ్డ చెప్తే చూద్దామని వచ్చిన, మీ అన్న చెప్పిన కాలు కోసం రాలే. తండ్రి కాలు ఎప్పుడు పోతదా అని చూసే అల్లుడు నాకొద్దు" అన్నాడు.

అని లేచి వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. ఆ పిల్ల ఆటో ఎక్కుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. కోటేష్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాడి ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదన్నా. వాడి పెళ్ళి కోసమని కుంటి, వాడి పెళ్ళిని నేనే చెడగొట్టాను కదా.

ఆటో కదిలింది. నేను ఉరికాను.

కాలనీ రోడ్డు పొడుగునా ఉరికాను. దొంగను తరుముతున్నాననుకుని ఇద్దరు ముగ్గురు కర్రలు పట్టుకుని నా వెంట పడ్డారు. ఆటోవాడు అద్దంలో ఈ గుంపును చూసి, తనని కొట్టడానికే వస్తున్నారనుకుని స్పీడు పెంచాడు. చివరికి గేటు దగ్గర బొగ్గు లారీ అడ్డం వచ్చింది కాబట్టి ఆగాడు.

దేవ్లా తల బయటపెట్టి ముందు నా కాళ్ళు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. "గిదేంది?" అన్నాడు.

రొప్పుతూనే మొత్తం చెప్పేశాను. నొప్పి నిజమే, తగ్గుతున్నదీ నిజమే, కుంటు మాత్రం అబద్ధమని. నేను డ్యూటీ మానడం లేదని. నా కొడుకు నా నౌకరీ ఇమ్మని ఎన్నడూ అడగలేదని. అప్పటికి కోటేష్ కూడా పరుగెత్తుకుంటూ వచ్చాడు. "నాకు నా షాపు చాలు. నౌకరీ కావాల్నా అని నన్నెవరన్నా అడిగితే కదా చెప్పేది!" అన్నాడు. వాడు అంత గట్టిగా మాట్లాడగలడని నాకూ తెలియదు.

ముందు నవ్వింది హేమలత. తర్వాత వాళ్ళమ్మ. దేవ్లా ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయాడు. "గట్ల ఉరికెటోనికి ఇంకా శానా సర్వీసు ఉన్నది. ఎక్కు బావా, ఇంటికి పోదాం, నీళ్ళు సుత తాగలే" అన్నాడు.

బావా అన్నాడన్నా! అందరం అదే ఆటోలో వెనక్కి వచ్చాం. సంబంధం ఖాయం. లగ్గం పెట్టుకోవడానికి నువ్వే పెద్దదిక్కుగా రావాలి. నీ మీద కోపం లేదు, నువ్వూ వాడి కోసమే చేశావు.

నీ తమ్ముడు,
బలరాం

తా.క.: ఉరికిన దెబ్బకు మడమ మళ్ళీ మొదటికొచ్చింది. ఇవాళ సాయంత్రం నుంచి నిజంగానే కుంటుతున్నాను. దేవ్లా బావ రేపు మళ్ళీ వస్తానన్నాడు, అందుకని ఇప్పుడు కుంటకుండా నడవడం ప్రాక్టీసు చేస్తున్నాను.