ప్రాక్సీలో ఆ ఒక్క లైను

మంగళవారం, కొండాపూర్

తప్పు చేసింది మా టీమ్ లీడ్ శ్రీధర్ గారు. మాది ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల యాప్; పరీక్షించేటప్పుడు మా లాప్‌టాప్‌ల నుంచి వెళ్లే రిక్వెస్టులు టెస్ట్ సర్వర్‌కు చేరాలి. డెమో తొందరలో అందరి చేతా, రిక్వెస్టులకు దారి చూపే ప్రాక్సీలో ఒక లైను మార్పించి అసలు సర్వర్‌కు తిప్పించి, తిరిగి మార్పించడం మరిచారు. కొత్తగా చేరిన లావణ్య ఇవాళ క్యాన్సిల్ బటన్ పరీక్షిస్తే నిజమైన రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. రేపు ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారట.

"చూసుకోవాలి కదమ్మా," అన్నారాయన అందరి ముందూ, తనకేమీ తెలియనట్టు.

"ఇగ పోనీ అన్నా, నువ్వు గరం గాకు," అంది లావణ్య నాతో.

ఎందుకు పోనివ్వాలి? ఆదేశం పైవాడిది, శిక్ష కిందివాళ్లదా? ఇదే అంటే పక్క సీటు ఇర్ఫాన్, "మళ్ల కరపత్రం మొదలువెట్టినవా కామ్రేడ్," అని నవ్వాడు. రేపు నాతో నిలబడటానికి వాడు వస్తాడో రాడో... అదే లైను వాడి లాప్‌టాప్‌లోనూ ఉంది.

టీమ్ గ్రూపులో పెట్టేశాను: రేపు పదింటికి, హెచ్ఆర్ లావణ్యను పిలవకముందే, అందరూ ఆ లైను తెరిచిన లాప్‌టాప్‌లతో శ్రీధర్ గారి డెస్కు దగ్గరికి రండి.