కానుగ చెట్టు వెనక ఇల్లు

ఆదివారం, మదనపల్లె

సదుం ఊరి దగ్గర వేసిన వసంతకాలపు ఆయిల్ పెయింటింగ్‌ని ఈ రోజు ప్రదర్శనలో పెట్టాను. ఎవరి పశువుల కొట్టం నీడలో కూర్చుని, ఎవరిచ్చిన మజ్జిగ తాగుతూ దాన్ని వేశానో ఆ గంగులమ్మ, మనవరాలిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. బొమ్మంతా వెతికింది.

"మా ఇల్లు యాడుండాదప్పా?"

"ఆ కానుగ చెట్టు వెనకమ్మా," అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో.

నమ్మేసింది. "సూడు పాపా, మనిల్లు ఈ సెట్టెనకాల ఉండాది," అని మనవరాలికి మురిసిపోతూ చూపించింది. పక్కనున్న వాళ్లకూ చెప్పుకుంది.

నిజానికి ముందు ఆ ఇల్లు వేశాను. కప్పు మీది నీలం టార్పాలిన్ పట్ట నేను వేసిన లేత చిగురాకుల అందాన్ని పాడుచేస్తోందని, రంగు ఆరాక దాని మీదే చెట్టు వేసేశాను.

ఇల్లొక్కటే కాదు. గుమ్మంలో కూర్చున్న గంగులమ్మ కూడా ఆ ఆకుల కిందే ఉంది.