సాయన్న అడిగిన కప్పలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బాన్సువాడ బడిలో నువ్వు పిల్లలకు చెప్పే సైన్సు పాఠం ఒకటి ఈ వానాకాలం మన పొలంలోనే నడిచింది. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నాట్లు కాగానే కప్పల్ని కొనేవాళ్లు లారీలో వచ్చారు. వాటి కాళ్లు దేశం దాటి పోతాయట. ఊరంతా గోనెసంచుల్లో పట్టి అమ్మింది. నేను మాత్రం మన మడిలో పట్టనివ్వలేదు. "కప్పలు లేకుంటే పురుగుల్ని ఎవరు తింటారు?" అని నువ్వడిగేదానివి. ఆ జవాబేదో చూడాలనిపించింది.

పక్క పొలం సాయన్న నవ్వాడు. "కప్పల కోసం గింత ఫికర్ ఏంది చెల్లె?"

వరి పొట్టకొచ్చేసరికి ఆయన మడికి పైరు రసం పీల్చే సుడిదోమ పట్టింది. ఆ ఇంటికి ఆ పొలమే ఆధారం. మందు ఎంత కొట్టినా దోమ మళ్లీ లేచింది. మన మడిలోనూ ఉంది, కానీ కొద్దిగానే. కప్పల వల్లేనా? ఏమో, నాకింకా తెలియదు. వంగి చూస్తే ఒక కప్ప వరి దుబ్బు మొదట్లో కూర్చుని, దోమల్ని నాలుకతో అందుకుంటోంది.

నిన్న సాయంత్రం సాయన్న బిందె పట్టుకుని వచ్చాడు.

"చెల్లె, నాలుగు కప్పలిస్తవా?"

"ఇస్త. గని నీ మడిల ఉంటయా అన్నా?"

"గదే సూద్దాం."

కప్పల్ని పట్టుకుపోయి తన మడిలో బిందె వంచాక ఆయన ఇంటికి పోలేదు. అవి ఎటు పోతాయోనని గట్టు మీదే కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను, మధ్యలో నీకు చోటు వదిలి.