మడత నిలవని కుక్కపిల్ల

రాయపూర్,
3 ఆగస్టు 2003

ప్రియమైన మాలతికి,

నేనూ లహరీ క్షేమం. క్షేమం అని రాయడమే గాని, నాకు ఒళ్లు మండిపోతోంది. ఇరవై మూడో తారీఖున ఒకటో తరగతి తండ్రులంతా స్కూలుకి వెళ్లి, అందరి ముందూ కాగితంతో కుక్క మొహం మడిచి చూపించాలట. తల్లులు వచ్చినా సరేనట. స్కూలువాళ్లిచ్చిన నమూనా చూసి చేద్దామని కూర్చుంటే దస్తా కాగితాలు పోయాయి, నా పరువూ పోయింది. పండరీ బట్టల బజారు కొట్లో పన్నెండేళ్లుగా చీరలు మడిచేవాడికి కాగితం మడవడం రాదంటే ఎవరైనా నవ్వుతారు. మన లహరి నవ్వలేదు. "నాన్నా, నీకు మడవడం రాకపోతే మత్ ఆనా, స్కూలుకి రావొద్దులే. నేను కూడా వెళ్లను," అంది.

టీచరు ట్రైనింగంటూ విజయనగరం హాస్టల్లో కూర్చున్నావు గదా, ఆ విద్యేదో రాసి పంపు.

నీ
భీమారావు

విజయనగరం,
8 ఆగస్టు

ప్రియమైన శ్రీవారికి,

ఇంత చిన్నదానికి అంత కోపమా? నలుచదరపు కాగితం తీసుకోండి. మూల మీద మూల పెట్టి మడిస్తే ముక్కోణం వస్తుంది. పొడుగు అంచు పైకి, మొన కిందికి ఉండాలి. పైన రెండు మూలలూ కిందికి వంచితే చెవులు. కింది మొన కాస్త పైకి మడిస్తే మూతి. కళ్లు లహరిని పెట్టమనండి.

ఇరవయ్యో తారీఖు నుంచి నాకు టీచింగ్ ప్రాక్టీసు. బళ్లో పిల్లల ముందు పాఠాలు చెప్పాలి. తలుచుకుంటేనే గుండె దడగా ఉంది.

మీ
మాలతి

రాయపూర్,
12 ఆగస్టు

మాలతీ,

నువ్వు రాసినట్టే చేశాను. చెవి ఇటు వంచితే అటు లేస్తుంది. మూతి మడిచేసరికి మొత్తం విచ్చుకుంటుంది. లహరి చూసి, "యే తో సమోసా హై, నాన్నా!" అంది. రాత్రి అన్నం తినకుండా పడుకుంది. అందరి ముందూ నా పిల్ల తల దించుకోవాలా? ఇది నా వల్ల అయ్యేది కాదు. నువ్వొస్తేనే తెమిలేలా ఉంది. ఆలోచించు.

భీమారావు

విజయనగరం,
16 ఆగస్టు

ఏమండీ,

మీ ఉత్తరం చదివి అరగంట ఏడ్చాను, గంటసేపు మిమ్మల్ని తిట్టుకున్నాను. గీత పడితే సరుకు చెడుతుందని కొట్లో చీర మడతని అరచేత్తో నిమిరి వదిలేస్తారు. కాగితాన్నీ అలాగే నిమురుతున్నారు కదూ? గోరు పెట్టి గట్టిగా గీయండి. అయినా ఇప్పుడు చెప్పి ఏం లాభం! పిల్ల అన్నం మానేసిందన్నాక నాకిక్కడ ముద్ద దిగడం లేదు. ప్రిన్సిపాల్ గారిని సెలవడిగాను. ప్రాక్టీసు మానేస్తే వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి చదవాలన్నారు. సరేనన్నాను. ఇరవై ఒకటిన రైలెక్కుతాను. ఒక్క ఏడాది ఇల్లు చూసుకోమని మిమ్మల్ని ఎంత బతిమాలాను!

మాలతి

రాయపూర్,
18 ఆగస్టు

ప్రియమైన మాలతీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను. రైలెక్కకు.

సమోసా మాట నిజం. కాని ఆ తర్వాత ఐదు నిమిషాలకే లహరి కాగితం లాక్కుని, గోటితో బర్రున గీసి, "ఐసే! ఇలాగ!" అంది. కుక్క వచ్చేసింది. నా చేతా మూడు చేయించింది. ఆ రాత్రి మూడు చపాతీలు తిని పడుకుంది. ఆ కుక్కల్ని ఎదురుగా పెట్టుకునే నీకా అబద్ధం రాశాను. చేతకాదంటే వచ్చేస్తావనుకున్నాను. పొద్దున్నే వంట, జడలు, ఆటోవాడితో గొడవ, కొట్లో సేఠ్ సణుగుడు... విసిగిపోయాను మాలతీ. నువ్వు లేక బాగాలేదని రాయడానికి సిగ్గేసి, కాగితం మీదికి నెట్టాను. నా విసుగుకి నీ ఏడాది పోతుందని చదివాక ఇక దాచలేక అంతా రాసేస్తున్నాను.

తిట్టాలనుంటే బాగా తిట్టు. కాని పాఠాలు మానకు.

ఇదంతా లహరికి చదివి వినిపించాను. "మమ్మీ నహీ ఆయేగీ?" అని అడిగింది. చదువయ్యాక వస్తుందన్నాను. ఏడ్చింది. ఊరుకోబెడదామని ఒళ్లోకి తీసుకుని నేనూ ఏడ్చాను. నువ్వు మాత్రం రాకు.

నీ
భీమారావు